తాహితి, మోరేయా వైపు పెద్దవాళ్లతో పది రోజుల ప్రయాణం: సలహాలు కావాలి

అమలాపురం అల్లుడు (ఏప్రిల్ 2)

సభ్యులందరికీ నమస్కారం. మేము శాన్ హోసే దగ్గర ఉంటున్నాం. మా అత్తమామలు ఈ వేసవికి అమలాపురం పక్క పల్లెలోని తమ కొబ్బరితోట వదిలి మా ఇంటికి వస్తున్నారు. వాళ్లు ఇక్కడ ఉన్నప్పుడే జూన్ చివర, జూలై మొదట్లో కలిపి పది రోజులు తాహితి వెళ్లి రావాలని అనుకుంటున్నాం. శాన్ ఫ్రాన్సిస్కో నుంచి పపేయెతె నగరానికి నేరుగా విమానం ఉందని, సుమారు ఎనిమిదిన్నర గంటల్లో చేరవచ్చని తెలిసినప్పటి నుంచి ఈ ఆలోచన నన్ను వదలడం లేదు. మాతో ఎనిమిదేళ్ల పాప కూడా ఉంటుంది.

నేను వేసుకున్న లెక్క ఇది: తాహితిలో రెండు రోజులు, మోరేయాలో రెండు, బోరా బోరాలో మూడు, రంగిరోవాలో మూడు. అత్తయ్య గారికి మోకాళ్ల నొప్పులు ఉన్నాయి. అత్తమామలిద్దరూ గుడ్డు కూడా ముట్టని శాకాహారులు. పాపకు తప్ప మిగతా నలుగురికీ భారతీయ పాస్‌పోర్టులే ఉన్నాయి, నేను హెచ్-1బీ అనే అమెరికా ఉద్యోగ వీసా మీద పనిచేస్తున్నాను.

అన్నిటికంటే పెద్ద చిక్కు మామయ్య గారి ప్రశ్న. ఫోనులో ఈ సంగతి చెప్పగానే ఆయన, "కొబ్బరిచెట్లూ సముద్రమూ చూడడానికి అంత డబ్బు తగలెయ్యాలా? సాయంత్రం ఆటో ఎక్కి ఓడలరేవు తీరానికి వెళ్తే సరిపోదా?" అన్నారు. నిజం చెప్పాలంటే నా దగ్గర జవాబు లేదు. వెళ్లి వచ్చినవాళ్లు ఎవరైనా నాకు జవాబు అందిస్తే ఆయనకు అప్పజెబుతాను.

తెరచాప (ఏప్రిల్ 2)

నేను ఆక్లాండ్‌లో ఉంటాను. అటువైపు మూడుసార్లు వెళ్లాను. మామయ్య గారి ప్రశ్న మంచిదే, కానీ ముందు కాగితాల సంగతి తేల్చుకోండి.

ఫ్రెంచి పాలినీసియా ఫ్రాన్సు ఏలుబడిలోని ప్రాంతమే అయినా షెంగెన్ (ఐరోపా దేశాల ఉమ్మడి వీసా) పరిధిలోకి రాదు. చాలామంది తెలుగువాళ్లు పాత షెంగెన్ వీసా చేతిలో ఉంది కదా అని ధీమాగా టికెట్లు కొని ఇబ్బంది పడుతుంటారు. ఫ్రాన్సు వీసాకు దరఖాస్తు చేసేటప్పుడే గమ్యస్థానంగా ఆ ప్రాంతాన్ని ఎంచుకోవాలి, వచ్చిన వీసా మీద అది ఆ ప్రాంతానికి చెల్లుతుందని రాసి ఉండాలి. రెండో సంగతి మీ తిరుగు ప్రయాణం. మీ పాస్‌పోర్టులోని హెచ్-1బీ ముద్రకు గడువు తీరిపోయి ఉంటే, కెనడా, మెక్సికోల నుంచి తిరిగి వచ్చేవారికి ఉన్న మినహాయింపు తాహితి నుంచి వచ్చేవారికి వర్తించదు. అత్తమామల సందర్శక వీసా ఒకటికంటే ఎక్కువసార్లు ప్రవేశించడానికి పనికొచ్చేదో కాదో కూడా చూడండి. ఇవన్నీ కుదిరాకే హోటళ్ల జోలికి వెళ్లండి.

ఇక మీ లెక్క. పటంలో చుక్కలు దగ్గరదగ్గరగా కనబడతాయి కాబట్టి అందరూ ఇదే పొరపాటు చేస్తారు. ఫ్రెంచి పాలినీసియాలో 118 దీవులు ఉన్నాయి. సొసైటీ, తువమోతు, గాంబియే, మార్కెసాస్, ఆస్ట్రల్ అనే ఐదు గుంపులుగా అవి దాదాపు పశ్చిమ ఐరోపా అంత సముద్రం మీద పరుచుకున్నాయి. పది రోజుల్లో నాలుగు దీవులంటే నాలుగుసార్లు పెట్టెలు సర్దుకోవడం, నాలుగుసార్లు చిన్న విమానాల కోసం కాచుకోవడం. మోకాళ్ల నొప్పులున్న మనిషితో ఇది సాగదు. తాహితిలో రెండు రాత్రులు, మోరేయాలో ఐదు, హువాహినెలో మూడు రాత్రులు చాలు. మోరేయా తాహితికి 17 కిలోమీటర్ల దూరంలోనే ఉంది, పెద్ద పడవలో అరగంట నుంచి ముప్పావుగంట ప్రయాణం. బోరా బోరా, రంగిరోవా రెండూ తీసేయండి.

నీలిమడుగు (ఏప్రిల్ 3)

తెరచాప గారూ, బోరా బోరాను అంత తేలిగ్గా తీసిపారేయడం నాకు నచ్చలేదు. మేము హ్యూస్టన్ నుంచి పెళ్లయిన పదో ఏట వెళ్లాం. ఒటెమాను శిఖరం 727 మీటర్ల ఎత్తున నల్లగా నిలబడి ఉంటుంది. దాని చుట్టూ ఉన్న నీటి రంగుకు తెలుగులో పేరు వెతికి నేను ఓడిపోయాను. నెమలి మెడ రంగంటే కొంత దగ్గరగా వస్తుంది, అది కూడా సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పుడే. నీటి మీద కట్టిన గదుల అద్దె రాత్రికి వెయ్యి డాలర్లు దాటుతుందన్న మాట నిజమే. మేము అక్కడ ఒక్క రాత్రే ఉండి, మిగతా మూడు రాత్రులు మాతిరా తీరం దగ్గర ఒక కుటుంబం నడిపే అతిథి గృహంలో గడిపాం. మాతిరా అందరూ వెళ్లగలిగే తీరం. నీళ్లు అవే, ఇసుక అదే, ఖర్చు మాత్రం పదో వంతు కూడా కాలేదు.

ఇంకో మాట. ఆ దీవి విమానాశ్రయం ప్రధాన దీవి మీద ఉండదు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో, 1943లో, అమెరికా సైన్యం పగడపు గట్టు మీది ఒక చిన్న దీవిలో వేసిన రన్‌వే అది. విమానం దిగి, సామానుతో సహా పడవ ఎక్కి ఊళ్లోకి వెళ్లాలి. మా పిల్లవాడికి ప్రయాణం మొత్తంలో గుర్తున్నది ఆ పడవే.

తెరచాప (ఏప్రిల్ 3)

నేను తీసిపారేయలేదు, ఈ కుటుంబానికి సరిపడదంటున్నాను. ఆ నీటి మీది గదులు అక్కడి ప్రజల పాత ఇళ్ల తీరు అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు, అది కాదు. 1960లలో కాలిఫోర్నియా నుంచి వచ్చి హోటల్ వ్యాపారం పెట్టిన ముగ్గురు మిత్రులు రాయాతేయా దీవిలో తమ హోటలుకు మంచి ఇసుక తీరం లేక, నీళ్లలోనే స్తంభాలు పాతి 1967లో కట్టిన ఉపాయం అది. రాత్రికి వెయ్యి డాలర్లు ఇచ్చి మనం కొనుక్కునేది ఆ ఉపాయాన్ని.

నీలిమడుగు (ఏప్రిల్ 3)

ఉపాయమైనా నిద్ర మాత్రం బాగా పట్టింది. పైగా బోరా బోరాలో ఆ హోటళ్ల జీతాల మీదే ఎన్నో ఇళ్లు నడుస్తున్నాయి. మేము బస చేసిన ఇంటావిడ ఇద్దరు కొడుకులూ అక్కడే పనిచేస్తున్నారు. అయినా మోకాళ్ల నొప్పులున్నవారికి నీటి గది వద్దన్న మాటతో ఏకీభవిస్తున్నాను. నీళ్లలోకి దిగే నిచ్చెన తప్ప ఆ గదిలో ప్రత్యేకత ఏమీ లేదు, ఆవిడేమో ఆ నిచ్చెన దిగలేరు.

భూగోళం మాస్టారు (ఏప్రిల్ 5)

రాజమహేంద్రవరంలో ముప్పై ఏళ్లు పిల్లలకు భూగోళం చెప్పి రిటైరయ్యాను. మా అబ్బాయి శాన్ డియేగోలో ఉంటాడు కాబట్టి ఏడేళ్ల క్రితం నేనూ ఆ దీవులు చూశాను. అల్లుడు గారి మామయ్య వేసిన ప్రశ్నకు నా జవాబు ఇది: ఓడలరేవులో ఉన్నది గోదావరి తెచ్చి పోసిన నేల, తాహితిలో ఉన్నది సముద్రం అడుగు నుంచి నిప్పు తెచ్చి పోసిన నేల. ఈ రెండింటినీ ఒకే జన్మలో చూసే అవకాశం వస్తే వదులుకోకూడదు.

కొంచెం వివరంగా చెబుతాను, పాఠంలా అనిపిస్తే క్షమించండి. సొసైటీ దీవులన్నీ వాయవ్యంగా సాగే ఒక వరుసలో ఉంటాయి. భూగర్భంలో ఒకేచోట ఉన్న వేడి ఊట పైనుంచి పసిఫిక్ ఫలకం (ఆ సముద్రం అడుగున ఉన్న భూమి పైపొర ముక్క) ఏటా సుమారు 10 సెంటీమీటర్ల చొప్పున జరుగుతుంటే, ఆ ఊట మీదికి వచ్చిన చోటల్లా ఒక అగ్నిపర్వతం పుట్టి, ఆ తర్వాత ఫలకంతో పాటు దూరంగా జరిగిపోయి, చల్లబడి, మెల్లగా సముద్రంలోకి కుంగుతుంది. అందుకే తాహితి వయసులో చిన్నది, వాయవ్యానికి పోయేకొద్దీ దీవులు పెద్ద వయసువి. తాహితిలోని ఒరొహెనా శిఖరం 2,241 మీటర్లు, మోరేయాలోని తొహివేయా 1,207, బోరా బోరాలో నీలిమడుగు గారు చెప్పిన ఒటెమాను 727, ఇంకా అవతల ఉన్న మౌపితి దీవిలో 380. ఈ నాలుగు అంకెలూ పక్కపక్కన పెట్టి చూస్తే దీవి ముసలిదవుతూ నేలకు వంగిపోవడం కనబడుతుంది.

దీవి కుంగుతుంటే దాని అంచున పెరుగుతున్న పగడాలు మాత్రం వెలుతురు కోసం పైపైకి కట్టుకుంటూ పోతాయి. మొదట దీవిని అంటిపెట్టుకుని ఉన్న పగడపు గట్టు, కొండ కుంగేకొద్దీ దూరమై, మధ్యలో మడుగు ఏర్పడుతుంది. చివరికి కొండ పూర్తిగా మునిగి, ఉంగరంలాంటి గట్టు, దాని లోపలి మడుగు మాత్రమే మిగులుతాయి. రంగిరోవా అలాంటిదే. ఈ సంగతి మొదట ఊహించినవాడు చార్లెస్ డార్విన్. విచిత్రమేమిటంటే, దక్షిణ అమెరికా పడమటి తీరంలో ఉండగానే, ఒక్క అసలైన పగడపు దీవినైనా చూడకముందే అతనికి ఈ ఆలోచన తట్టింది. 1835 నవంబరులో తాహితి కొండ ఎక్కి ఎదురుగా ఉన్న మోరేయాను చూసి, చట్రం కట్టిన బొమ్మలా ఉందని పోల్చాడు. కొండ బొమ్మ అయితే, మడుగు దాని చుట్టూ వదిలిన కాగితం, నురుగు కట్టిన గట్టు చట్రం. 1952లో మార్షల్ దీవుల్లోని ఎనివెటాక్ వలయంలో వెయ్యి మీటర్లకు పైగా పగడపు రాయిని తొలిచాక అడుగున అగ్నిపర్వతపు రాయి తగిలింది. ఆ ఊహ నిజమని తేలడానికి నూరేళ్లకు పైగా పట్టింది.

మీ పాపకు ఈ కథ ముందే చెప్పి తీసుకెళ్లండి. మోరేయాలో బెల్వెడేర్ అనే కొండమలుపు దాకా కారు వెళుతుంది, అత్తయ్య గారు ఎక్కవలసిన మెట్లు ఉండవు. అక్కడ నిలబడితే మధ్యలో రొతుయి కొండ, దానికి ఒక పక్క కుక్ అఖాతం, మరోపక్క ఒపునొహు అఖాతం కనిపిస్తాయి. మీరు నిలబడిన చోటు పాత అగ్నిపర్వతం కడుపు.

ఆవకాయ జాడీ (ఏప్రిల్ 6)

మాస్టారి పోస్టు చదివి మా అమ్మాయికి వినిపించాను. ఇక తిండి సంగతి నేను చెబుతాను. మేము లాస్ ఏంజెలెస్ నుంచి వెళ్లాం, మా ఇంట్లో అందరం శాకాహారులమే.

హోటలు భోజనం మీద ఆధారపడితే మీరు ఫ్రెంచి రొట్టె, బంగాళాదుంప వేపుడుతో పది రోజులు నెట్టుకురావాలి. అందుకని వంటగది ఉన్న బస చూసుకోండి. అక్కడ కుటుంబాలు నడిపే అతిథి గృహాలను పెన్షన్ అంటారు (మామయ్య గారి పింఛనుతో దానికి సంబంధం లేదు). చాలావాటిలో చిన్న పొయ్యి, గిన్నెలు ఉంటాయి. బియ్యం ప్రతి కొట్టులో దొరుకుతుంది, ఎందుకంటే 1865లో తాహితిలోని ఒక పత్తి తోట పనికి తెచ్చిన చైనావాళ్ల సంతతి అక్కడ బాగా స్థిరపడింది, చాలా దుకాణాలు వాళ్లవే. కందిపప్పు, ఇంగువ, ఆవాలు మీరే తీసుకెళ్లాలి. పచ్చి కూరలు, పళ్లు, నాటే విత్తనాలు మాత్రం పట్టుకెళ్లవద్దు. అక్కడి పంటలకు తెగుళ్లు రాకుండా తనిఖీ గట్టిగా చేస్తారు. పెట్టెలో తినే వస్తువు ఏది ఉన్నా దాచకుండా ఫారంలో రాయండి.

ఇప్పుడు అసలు సంగతి. వాళ్లు ఊరు అని పిలిచే కాయ మన సీమపనస. తారో అంటే చేమదుంప. ఫాఫా అంటే చేమాకు. గోదావరి జిల్లాల మనిషికి ఇంతకంటే ఏం కావాలి? సీమపనసను వాళ్లు నిప్పుల మీద నల్లగా మాడేదాకా కాల్చి, పైతొక్క తీసి, ముక్కలు కోసి తింటారు. చేమాకును కొబ్బరిపాలలో ఉడికిస్తారు, కానీ తరచుగా కోడిమాంసంతో కలిపే వండుతారు. అది లేకుండా చేసిపెట్టమని ముందురోజే అడిగితే మా ఇంటావిడ సంతోషంగా చేసింది. పోయె అని అరటిపండుతోనో బొప్పాయితోనో పిండి కలిపి కాల్చి, కొబ్బరిపాలు పోసి పెట్టే తీపి ఒకటి ఉంది, దానికి అడ్డేమీ లేదు. నిమ్మరసం, కొబ్బరిపాలలో కలిపిన పచ్చి చేపముక్కలు వాళ్ల ప్రధాన వంటకం, ప్రతి విందులో అదే ముందు వస్తుంది. పెద్దవాళ్ల పక్కన అది పెట్టుకుని కూర్చోవలసి వస్తుందని ముందే చెప్పి ఉంచండి.

పపేయెతె మార్కెట్టుకు ఆదివారం తెల్లవారకముందే వెళ్లండి. ఎనిమిదింటికల్లా మంచి సరుకు అయిపోతుంది.

సరుగుడు నీడ (ఏప్రిల్ 8)

బాపట్లలో వ్యవసాయం చదివాను, ఇప్పుడు హవాయిలో ఉద్యోగం. తిండి తర్వాత చెట్ల వంతు కదా. మామయ్య గారికి కొబ్బరితోట ఉందంటే ఆయనకు ఆ దీవుల్లో పరాయితనం కనిపించదనుకుంటాను, అదే ఆయనకు నచ్చుతుంది.

తాహితి పాత గుళ్లను మరాయే అంటారు. పైకప్పు, గోడలు లేకుండా నల్లరాళ్లు పరిచిన వేదికలు అవి. వాటి దగ్గర పవిత్రంగా పెంచిన మిరొ అనే చెట్టు మన గంగరావి. తీరం పొడవునా ఉండి, గింజల నుంచి తమాను నూనె తీసే చెట్టు మన పొన్న. గట్టి కర్రకు పేరుపడ్డ ఐతొ మన సరుగుడు, బాపట్ల, చీరాల ఇసుకల్లో తోటలుగా వేసే చెట్టే. వాళ్లు ఆ కర్రతో ఈటెలు, గదలు చేశారు, ఐతొ అనే మాటకు వీరుడు అన్న అర్థం కూడా ఉంది. మనం దానితో పాకలు వేసుకున్నాం, పొయ్యి వెలిగించుకున్నాం. చాపలకు, ఇంటి కప్పుకు వాడే ఆకు మొగలి.

వీటిలో కొన్ని అలల మీద తేలి తమంతట తామే చేరాయి. చేమ, సీమపనస, చెరకు, అరటి, ఆశ్చర్యంగా మన పసుపు కూడా, మనుషుల చేతుల్లో పడవల మీద వచ్చాయి. ఆగ్నేయాసియా వైపు నుంచి తరతరాలుగా తూర్పుకు కదిలిన జనం, కొత్త దీవిలో ఏముంటుందో తెలియకుండా పిలకలు, దుంపలు తడి ఆకుల్లో చుట్టుకుని జంట పడవలు ఎక్కారు. దిక్సూచి లేదు, నక్షత్రాలు, అలల వాటం, పక్షుల రాకపోకలే దారి. వాళ్ల పెద్ద క్షేత్రం రాయాతేయా దీవిలోని తపుతపువాతేయా. యునెస్కో దానిని 2017లో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. కెప్టెన్ కుక్ 1769లో తాహితికి వచ్చినప్పుడు ఓడ ఎక్కిన తుపాయియా ఆ రాయాతేయావాడే. అతను పూజారి, నావికుడు. తనకు తెలిసిన దీవులను పటం మీద పెట్టించాడు, న్యూజిలాండ్‌లో మావోరీలతో మాట్లాడి మధ్యవర్తిగా నిలిచాడు. 1770లో బటావియాలో, అంటే ఇప్పటి జకార్తాలో, జబ్బుచేసి చనిపోయాడు. పరికరాలు లేకుండా అంత దూరం రావడం కట్టుకథ అనేవాళ్లకు 1976లో జవాబు దొరికింది. హొకులేఆ అనే జంట పడవను మైక్రొనీసియాకు చెందిన మావు పియాయిలుగ్ పాత పద్ధతిలోనే హవాయి నుంచి తాహితికి నడిపించాడు.

ఒక చిన్న విన్నపం. మరాయే రాళ్ల మీద ఎక్కి నిలబడి ఫొటోలు దిగవద్దు. ఒక రాయి జేబులో వేసుకోవడం అంతకంటే తప్పు. మన ఊరి గుడి ముందు చెప్పులు విప్పేవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు.

వెన్నెల గట్టు (ఏప్రిల్ 9)

ఆక్లాండ్ నుంచి వెళ్లేవాళ్ల కోసం రరొటోంగా గురించి రెండు మాటలు రాస్తాను. అది కుక్ దీవుల్లో పెద్దది, అయినా చుట్టుకొలత 32 కిలోమీటర్లే. తిరిగే బస్సులు రెండు రకాలు: గడియారం ముల్లు తిరిగే వైపు వెళ్లేవి, దానికి ఎదురు వెళ్లేవి. దారి తప్పడం అసాధ్యం. న్యూజిలాండ్ డాలరే చెల్లుతుంది. పర్యాటకులకు 31 రోజుల దాకా ముందుగా వీసా అవసరం లేదు, తిరుగు టికెట్టు చూపాలి. భారతీయ పాస్‌పోర్టుతో ఆక్లాండ్‌లో విమానం మారేవాళ్లు న్యూజిలాండ్ నియమాలు విడిగా చూసుకోవాలి. మధ్యలో తేదీ మారే దినరేఖ దాటుతాం కనుక మేము శనివారం బయల్దేరి శుక్రవారం దిగాం. అలా దొరికిన రోజును ఏం చేసుకోవాలో తెలియక మా ఆయన నిద్రపోయారు.

మా పొరపాటు ఆదివారం జరిగింది. ఆ రోజు దుకాణాలు దాదాపు అన్నీ మూస్తారని చదివి కూడా పట్టించుకోలేదు. ఒక పాకెట్టు బిస్కెట్లు, రెండు అరటిపళ్లతో నలుగురం ఆ పొద్దు గడపాల్సి వచ్చింది. పక్కింటి పెద్దావిడ మా అవస్థ చూసి చర్చికి రమ్మంది. తెల్లటి సున్నపు గోడల చర్చి, అల్లిన టోపీలు పెట్టుకున్న ఆడవాళ్లు, ఏ వాద్యమూ లేకుండా నాలుగు గొంతులు ఒకదానిమీద ఒకటి ఎక్కే పాట. మేము హిందువులమని చెబితే, కూర్చోవడానికి అదేమీ అడ్డు కాదంది. ప్రార్థన అయ్యాక భోజనం పెట్టారు. రుకావు అనే చేమాకు, కొబ్బరిపాల కూర నేను అక్కడే తిన్నాను, ఇప్పుడు ఇంట్లో నెలకోసారి వండుతున్నాను. సమోవా, టోంగాల్లో ఆదివారం ఇంకా గట్టిగా పాటిస్తారు. టోంగాలో అది రాజ్యాంగంలోనే రాసి ఉంది. సమోవా పల్లెల్లో రోజూ సాయంత్రం ప్రార్థన వేళకు శంఖమో గంటో మోగితే, దారిన పోయేవాళ్లు కూడా ఆ కాసేపు ఆగాలి.

తాహితిలో అంత కట్టడి లేదు. అయినా ఈత దుస్తులతో ఊళ్లో తిరగడం మాత్రం ఏ దీవిలోనూ మర్యాద కాదు.

తెరచాప (ఏప్రిల్ 10)

జాగ్రత్తల గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తాను. గట్టు మీదుగా లోపలికి పడిన అలల నీరంతా మళ్లీ బయటికి పోయేది గట్టు తెగిన ఒకటి రెండు చోట్ల నుంచే. కోనసీమవాళ్లకు మొగ (ఏరు సముద్రంలో కలిసే చోటు) అంటే చాలు, అర్థమవుతుంది. మడుగు ఎంత నిశ్చలంగా కనిపించినా ఆ మొగ దగ్గర లాగుడు భయంకరంగా ఉంటుంది, ఈత వచ్చినవాళ్లు కూడా పోయారు. ఎక్కడ దిగవచ్చో ప్రతి ఉదయం ఇంటివాళ్లను అడగండి. నీళ్లలోకి రబ్బరు బూట్లతోనే దిగాలి. రాతిచేప రాయిలాగే ఉంటుంది, ముల్లు విషం. పగడం గీసుకున్న గాయం త్వరగా చీము పడుతుంది, వెంటనే కడిగి మందు రాయాలి. డెంగీ దోమలు ఉన్నాయి. జూన్, జూలైలు పొడి నెలలు, తుఫాను భయం నవంబరు నుంచి ఏప్రిల్ దాకానే, కానీ మారాము అనే ఆగ్నేయపు గాలి వీస్తే రెండు మూడు రోజులు చలిగా, ముసురుగా ఉంటుంది.

డబ్బు పసిఫిక్ ఫ్రాంకుల్లో ఉంటుంది. దాని విలువ యూరోకు ముడిపెట్టినది, 1000 ఫ్రాంకులు 8.38 యూరోలు. టిప్పులు ఇచ్చే అలవాటు లేదు.

నీలిమడుగు (ఏప్రిల్ 10)

జూలైలో వెళుతున్నారు కనుక పపేయెతెలో హెయివా అనే నాట్యోత్సవం ఒక్క సాయంత్రమైనా చూడండి. 1881 నుంచి ఏదో ఒక రూపంలో జరుగుతోంది. అంతకుముందు మతప్రచారకుల కాలంలో ఆ నాట్యాలను నిషేధించారు. వంద మందికి పైగా ఒకేసారి ఆడుతుంటే, చెక్క డప్పుల మోత గుండెల్లో తెలుస్తుంది. హోటలు భోజనాల మధ్య ఆడించే ఆటతో దానికి పోలికే లేదు.

అమలాపురం అల్లుడు (ఏప్రిల్ 12)

అందరికీ ధన్యవాదాలు. తెరచాప గారి లెక్కే ఖాయం చేశాను. నీలిమడుగు గారూ, బోరా బోరాకు మేమిద్దరం ఇంకోసారి వెళతాం, ఆ మాట మా ఆవిడతో కూడా చెప్పించాను. మాస్టారి పోస్టు మామయ్య గారికి పంపితే, "నేల కుంగితే వీళ్లకు మడుగు వచ్చింది, మనకైతే ఉప్పునీరు వస్తోంది" అని ఒక్క వాక్యం రాశారు. వస్తానన్నట్టే అనుకుంటున్నాను.

అమలాపురం అల్లుడు (ఆగస్టు 3)

వెళ్లి వచ్చాం. అప్పుడే రాద్దామనుకుని మూడు వారాలు ఆలస్యం చేశాను.

ముందు తప్పులు. హువాహినెకు మేము ఎక్కవలసిన విమానం ఆ రోజు రద్దయింది. మరుసటి ఉదయానికి సర్దారు కానీ ఒక రాత్రి బస డబ్బు పోయింది. మోరేయాలో మా ఇంటి చుట్టూ ఉన్న కోళ్లు తెల్లవారుజామున మూడింటికే కూత మొదలుపెట్టేవి, చెవుల్లో దూది పెట్టుకున్నా లాభం లేకపోయింది. మారాము గాలి రెండు రోజులు వదలలేదు, ఆ రెండు రోజులూ అత్తయ్య గారు శాలువా కప్పుకుని వరండాలో కూర్చుని ఇంటావిడతో సైగలతో మాట్లాడారు. మూడో రోజుకు ఇద్దరూ కలిసి వంట చేస్తున్నారు. కాల్చిన సీమపనస ముక్కలను అత్తయ్య గారు ఆవాలు, ఎండుమిరపకాయలతో తాలింపు వేస్తే ఆ ఇంటి పిల్లలు గిన్నె ఖాళీ చేశారు. ఆవకాయ జాడీ గారి సలహా వల్లే మా సంచిలో ఆవాలు ఉన్నాయి, అవి తనిఖీలో ఫారం మీద రాసి చూపించాం. అధికారి వాసన చూసి, వంటకేనా అని అడిగి వదిలేశాడు.

పాప హువాహినెలో, ఫాయియే అనే ఊరి వాగులో నీలికళ్ల పాములాంటి పెద్ద చేపలను చూసి రెండు రోజులు వాటి గురించే మాట్లాడింది. అవి మలుగుపాపలని మామయ్య గారు చెప్పారు. మాయెవా దగ్గర నీళ్లలో రాళ్లు పేర్చి కట్టిన పాత చేపల బోనులు ఇప్పటికీ వాడకంలో ఉన్నాయి. నీటి లాగుడుతో లోపలికి వచ్చిన చేప వెనక్కి పోలేదు. వాటి ముందు మామయ్య గారు అరగంట నిలబడ్డారు.

ఇక ఆయన ప్రశ్న సంగతి. మొదటి రోజే ఆయన కళ్లు కొబ్బరిచెట్ల మొదళ్ల మీద పడ్డాయి. అక్కడ చాలా చెట్లకు మనిషి ఎత్తుకు పైన ఒక మూర వెడల్పున రేకు చుట్టి ఉంటుంది. ఎలుకలు పాకలేక జారిపోవడానికట. ఆ తర్వాత ఇంటాయన ఆయనను కొబ్బరి ఎండబెట్టే చోటుకు తీసుకెళ్లాడు. కురిడీ కాదు, కాయను రెండు చెక్కలు చేసి ఎండలో ఆరబెట్టి, గుంజు ఊడదీసి గోనెల్లో నింపుతారు. దూరపు దీవుల నుంచి ఓడలు ఆ గోనెలను పపేయెతె నూనె మిల్లుకు తెస్తాయి. గిట్టుబాటు కాకపోయినా జనం ఆ దీవులు వదిలి పోకుండా ప్రభుత్వం ధరకు రాయితీ ఇస్తుందని విని మామయ్య గారు, ఆ ముక్క మళ్లీ చెప్పమని నాతో రెండుసార్లు అడిగించారు. ఆ నూనెలో తియారె పూలు నానబెట్టి మోనొయి తయారుచేస్తారు. అత్తయ్య గారు నాలుగు సీసాలు కొన్నారు. చివరిరోజు ఇంటాయన మొలకెత్తిన కాయ ఒకటి పగలగొట్టి, లోపలి తెల్లటి ముద్దను ఊతొ అని పేరు చెప్పి చేతిలో పెట్టాడు. మామయ్య గారు దాన్ని చూసి కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "కొబ్బరిపువ్వు" అన్నారు. ఆయన ఆ మాట మూడుసార్లు నేర్పితే ఇంటాయన నాలుగోసారి సరిగ్గా పలికాడు.

సరుగుడు నీడ (ఆగస్టు 4)

చాలా సంతోషం. ఆ రేకుల పద్ధతి మామయ్య గారు ఇంటి దగ్గర మొదలుపెట్టారా?

అమలాపురం అల్లుడు (ఆగస్టు 29)

మొన్ననే ఊరికి చేరి, పెరట్లో ఆరు చెట్లకు కట్టించారట. దింపు కార్మికులు మాత్రం కాలు జారుతుందని గొణుగుతున్నారట.

సరుగుడు నీడ (ఆగస్టు 29)

జారకుండా రేకు దగ్గర చిన్న నిచ్చెన వాడమనండి. ఇంకో సంగతి కూడా ఆయనకు చెప్పండి. పక్కచెట్టు మట్టలు తగలని చెట్టుకే ఆ రేకు పనిచేస్తుంది. కోనసీమ తోటల్లో మట్టలు ఒకదానిలో ఒకటి పెనవేసుకుని ఉంటాయి కాబట్టి, ఎలుక కింది నుంచి ఎక్కవలసిన పనే ఉండదు. ఆ ఆరు చెట్లూ విడిగా ఉన్నవేనా?

అమలాపురం అల్లుడు (ఆగస్టు 30)

అడిగాను. నాలుగు విడిగా ఉన్నాయట, రెండు కలిసి ఉన్నాయట. ఆ రెండింటి మట్టలు కొట్టించడానికి అత్తయ్య గారు ఒప్పుకోవడం లేదట.